పక్కకి జరిగిన మనిషి

"ఆవిడెవరమ్మా? కాస్త పక్కకి జరగమను," అంది భవానీదేవి, ఫోనులో కూతురి పక్కన బొట్టులేని నుదురు కనబడగానే.

కూతురు కీర్తి ఇంగ్లండులో చదువుతోంది. ఏడో నెల. రాజోలులో కూర్చున్న తల్లి వీడియో కాల్లోనే సీమంతం జరిపిస్తోంది.

ఆ నుదురు కామేశ్వరిది. అక్కడ ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజుల్లో, కడుపుతో ఉండి చదువుకునే విదేశీ విద్యార్థినులకు తోడుగా ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది.

"గాజులు తెచ్చింది ఆంటీయేనమ్మా," అంది కీర్తి చిన్నబోయి.

"తెస్తే తెచ్చేరు. తొడగడం మాత్రం ముత్తయిదువే తొడగాలి."

కామేశ్వరిదీ తెలుగే. అన్నీ వినబడ్డాయి.

"ఆయ్, అలాగేనండి," అంటూ గాజుల పళ్ళెం పక్కనే ఉన్న, పెళ్ళయిన కీర్తి స్నేహితురాలికిచ్చి, తను ఫోను పట్టుకుంది.

ఆ తర్వాత ఫోనులో బొమ్మ అటూఇటూ ఊగలేదు. ఇప్పుడు బాగా కనబడుతోందని భవానీదేవి మెచ్చుకుంది కూడా.

భవానీదేవి చెడ్డ మనిషేం కాదు. భయస్తురాలు. తనకు వీసా రాలేదు, అల్లుడు వీరేంద్ర ఖతార్లో ఉన్నాడు. చదువు మానేసి వచ్చెయ్యమని రోజూ పోరింది. కీర్తి వినలేదు.

కీర్తి పరీక్షలు కాన్పు తర్వాతకి మార్పించింది కామేశ్వరి. మెట్లెక్కక్కర్లేని గది ఇప్పించింది. పద్నాలుగు గంటల నొప్పుల్లో చెయ్యి వదల్లేదు.

ఇదంతా విని, పోన్లే మంచావిడే అనుకుంది భవానీదేవి. ఒక్కసారైనా ఫోను ఆవిడకిమ్మని అనలేదు.

చదువు పూర్తి చేసి, తొమ్మిది నెలల పాపతో కీర్తి రాజోలు వచ్చింది. మనవరాలిని ఎత్తుకున్నాక భవానీదేవికి సిగ్గేసింది. వెళ్ళి మంచి పట్టుచీర కొనుక్కొచ్చింది.

"మీ కామేశ్వరి గారికే. అడ్రసు చెప్పు, పార్సిలు పంపుతాను. ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది."

కీర్తి ఆ చీర మడత సర్దింది.

"పోయిన నెల గుండెపోటుతో పోయేరమ్మా. నీకు ఫోనులో చెప్పలేకపోయేను."

భవానీదేవి చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళవాళ్ళెవరైనా ఉంటే వెళ్ళి ఇచ్చొద్దామంది. ఆవిడది మామిడికుదురేనట. ఇంత దగ్గర. కానీ అక్కడ ఎవరూ మిగల్లేదు.

"ఒక్కతే కూతురమ్మా. నాలాగే ఇంగ్లండులో చదువుతుండగా కడుపొచ్చింది. ఆంటీ అప్పుడు కువైట్లో పనిచేసేవారు. చదువు మానేసి ఇంటికొచ్చెయ్యమని రోజూ పోరేరట, అచ్చం నువ్వు పోరినట్టే. ఒంట్లో బాగోలేదంటే రమ్మంటారన్న భయంతో ఆ పిల్ల ఏమీ చెప్పడం మానేసింది. గదిలో ఒక్కతే పోయింది. ఆ తర్వాతే ఆంటీ ఆ ఊరికి ఉద్యోగం మార్చుకున్నారు."

భవానీదేవి పాపని దగ్గరకి తీసుకుంది. అంత దూరంలో ఆ సీమంతం రోజు మట్టిగాజులు ఎక్కడ దొరికాయని అడిగింది.

కూతురు ఇంటికొస్తే సీమంతం చేద్దామని కామేశ్వరి కువైట్ నుంచి సెలవుకొచ్చినప్పుడు మామిడికుదురులో కొని, పదేళ్ళు దాచుకున్న గాజులవి.