రాత్రి మేత

కోడింగ్ రాని చైత్ర, రెడీమేడ్ టెంప్లేట్‌లో పేర్లు మార్చి ఒక్క పూటలో పట్టుపురుగుల మేతకు యాప్ చేసేసింది. ఆకు వేసినవాళ్లు బటన్ నొక్కితే ఇంట్లోవాళ్ల ఫోన్లకు పేరు, టైము వచ్చేస్తాయి.

"ఎంత బాగా చేసినావమ్మా! మీ అవ్వ ఉండుంటే మురిసిపోవును," అన్నాడు తండ్రి శేషప్ప.

ఆ మాటకే చైత్ర, చనిపోయిన అవ్వ వెంకటలక్ష్మమ్మ పేరునూ జాబితాలో చేర్చింది.

రాత్రి తొమ్మిదికి ఇద్దరూ ఆకు వేయడానికి లేచారు. చైత్ర ఫోన్ మోగింది. "మేత అయింది: వెంకటలక్ష్మమ్మ."

"నువ్వు నొక్కినావా నాయనా?"

"నా ఫోను ఛార్జింగులో ఉందమ్మా."

పురుగుల షెడ్డు తాళం తీశారు. చీకట్లో సన్నని వాన కురుస్తున్నట్టు చప్పుడు చేస్తూ పురుగులు ఆకు తింటున్నాయి.

శేషప్ప టార్చి వేసి తట్టలు చూశాడు. "మా అమ్మ చెయ్యే. ఎంత సమంగా పరిచిందో చూడు!"

చైత్ర, పురుగులకు రోగాలు రాకుండా గడప దగ్గర చల్లిన సున్నాన్ని చూస్తోంది. తమవి కాక ఇంకో జత పాదాల గుర్తులు లోపలికే ఉన్నాయి, బయటికి లేవు.