అంబర్ వాటా

...గాదల్లా కాకపోతే ఇంకెవరు, అనుకున్నాడు షాజలీ. దాణా కొట్టు తాళంచెవులు రెండే. ఒకటి తన దగ్గర, ఒకటి వాడి దగ్గర.

గుర్రం అంబర్ ఒకటి, బండి ఒకటి, భాగస్తులు ఇద్దరు. పొద్దున్నే నైలు ఒడ్డున పడవలు దిగే యాత్రికుల్ని ఎద్ఫూ గుడికి చేర్చేది షాజలీ. మధ్యాహ్నం తర్వాత పగ్గాలు గాదల్లావి. బార్లీ ఇద్దరూ కలిసి కొంటారు. మధ్యాహ్నం దాణా షాజలీ వంతు, సాయంత్రానిది గాదల్లా వంతు. బస్తా అయిపోతూనే ఉంది. అంబర్ చిక్కిపోతూనే ఉంది.

ఇవాళ గుడి మలుపులో అంబర్ ముందుకాళ్ళ మీద కూలబడింది. యాత్రికులు దిగి నడిచి వెళ్ళిపోయారు. ఇంకోసారి పడితే లేవదు. అది లేవకపోతే రెండిళ్ళలో పొయ్యి వెలగదు.

"ఏం షాజలీ, నీ గుర్రం నడుం ఎముకల మీద బట్టలు ఆరేసుకోవచ్చా? మా ఆవిడ అడిగి రమ్మంది," అన్నాడు టీ కొట్టు దగ్గర తోటి బండివాడు నూబీ.

"నన్నడుగుతావేం? నా భాగస్తుణ్ణి అడుగు."

"గాదల్లానా? వాడు తన టీలో చక్కెర కూడా దానికే పెట్టే రకం కదా!"

"మొహం చూసే కదటోయ్ మోసపోయేది," అని షాజలీ చంకలో సంచీ సర్దుకుని లేచాడు.

నోరంతా చేదుగా అనిపించింది. ఆ చేదుని ఉమ్మెయ్యలేదు. దారి పొడవునా చప్పరిస్తూనే ఉన్నాడు. మొన్న గాదల్లాకి కూతురు పుడితే, తన మేడ మీద పెంచుకునే పావురాల్లో బలిసినవి ఏరి, పచ్చిగోధుమ రవ్వ కూరి వండించి పంపాడు తను. "ఎంత కండ పట్టాయన్నా!" అంటూ వేళ్ళు నాక్కున్నాడు వాడు. ఆ వేళ్ళతోనా అంబర్ నోటి దగ్గరిది లాక్కున్నది?

పొద్దు వాలేవేళకు గుర్రం పాక గోడ చాటున నిలబడ్డాడు.

గాదల్లా బండి విప్పాడు. చెమట ఆరేదాకా అంబర్‌ని మెల్లగా నడిపించాడు. నీళ్ళు పెట్టాడు. తర్వాత తొట్టి నిండా బార్లీ పోసి, జేబులోంచి తన రొట్టె తీసి తుంచి కలిపాడు. అది తొట్టి నాకేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ ఆనుకున్న గోడ ఎవరో లాగేసినట్టుంది షాజలీకి.

"అన్నా, నువ్వా! దొంగలా ఆ చాటునేం?" గాదల్లా నవ్వుతూ లేచాడు. "రా, దీని డొక్కలు చూడు. కడుపులో పురుగులున్నాయేమో. నువ్వు పెట్టిందీ నేను పెట్టిందీ అవే మింగేస్తున్నాయి."

"అయ్యుండొచ్చు," అన్నాడు షాజలీ.

"రేపు పశువుల డాక్టర్ని తీసుకొస్తా. ఖర్చు నాదేలే. పొద్దుటి ఎండంతా నువ్వే భరిస్తున్నావు, అది చాలు."

షాజలీ ఇంటికి వచ్చి తిన్నగా మేడెక్కాడు.

అడుగుల చప్పుడు వినగానే పావురాలన్నీ గింజల కోసం అలవాటుగా వచ్చి భుజాల మీదా చేతుల మీదా వాలుతుంటే, మధ్యాహ్నం అంబర్ మూతికి కట్టాల్సిన బార్లీ సంచీని షాజలీ మొదటిసారి ముడి విప్పకుండానే చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.