మైకు కాలేసాబ్

"ధర్మవరం మీ ప్రోగ్రాంలో లేదు సార్," అన్నాడు డీఎస్పీ వేణుగోపాల్, రెండోసారి.

"ఉండకూడదనే పెట్టలేదు. ప్రోగ్రాంలో ఉంటే సైరన్లు మోగుతాయి. సైరన్ వింటే వాడు తలుపు తియ్యడు." గవర్నర్ అశ్వర్థప్ప ఎవరిదో మామూలు కారు తెప్పించుకుని అప్పటికే వెనక సీట్లో కూర్చున్నాడు. "మీరు ఎక్కుతారా, నన్నొక్కణ్ణే పొమ్మంటారా?"

మఫ్టీలో ఉన్న డీఎస్పీ ముందు సీట్లో ఎక్కాడు. హిందూపురం గెస్ట్‌హౌస్ గేటు బయట సెంట్రీ ఇంకా ఆవులిస్తున్నాడు. పదకొండింటికి పెనుకొండలో పౌరసన్మానం. ఎక్కడో కొండల రాష్ట్రానికి గవర్నరైన మనిషికి సొంతగడ్డ మీద జరుగుతున్న మొదటి సన్మానం అది.

"ఎవరు సార్ ఆయన?"

"మైకు కాలేసాబ్. నేను కౌన్సిలర్‌గా నిలబడినప్పటి నుంచి ఎమ్మెల్యేగా దిగిపోయేదాకా నా గొంతు వాడిదే. జీపులో నేను దండం పెట్టుకుంటూ నిలబడితే చాలు, మాట్లాడేదంతా వాడే."

"మీరు మాట్లాడేవారు కాదా?"

"వాడు మైకిస్తే గదా."

పెనుకొండ కోట కొండ కనిపించగానే అశ్వర్థప్ప అద్దం దించాడు. ఈ మలుపులోనే జీపు ఆగేది. ఉడకబెట్టిన శనక్కాయలు ఒళ్లో పోసుకుని, ఒక చేత్తో మైకు పట్టుకుని, కాలేసాబ్ నములుతూనే ప్రచారం చేసేవాడు. ఒకసారి మైకు కట్టేయడం మరిచిపోయి, ఓటర్ల గురించి ఇద్దరూ మాట్లాడుకున్నదంతా ఊరంతా విన్నది. ఆ ఊళ్లో ఓట్లు రాలేదు. నవ్వు మాత్రం ఇన్నేళ్లుగా వస్తూనే ఉంది.

రోడ్డు పొడుగునా ఫ్లెక్సీల్లో గవర్నర్ ఫొటోలే. నిండుగా నల్లజుట్టు, బుగ్గల మీద ఎవరో పులిమిన ఎరుపు. టీకొట్టు దగ్గర కారు ఆపితే, ఆ ఫ్లెక్సీ కిందే నిలబడిన మనిషి ఆయన్ను చూసి, "పెద్దాయనా, కొంచెం పక్కకు జరుగు," అన్నాడు. డీఎస్పీ గతుక్కుమన్నాడు. గవర్నర్ సంతోషంగా జరిగాడు.

కారు కదిలాక గవర్నర్ ఆ ఫ్లెక్సీని వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత అన్నాడు: "నేను ప్రమాణం చేసిన రోజు దేశమంతా ఫోన్ చేసింది. వాడు చెయ్యలేదు. నేనే చేయించాను. 'రాజ్‌భవన్ నుంచి మాట్లాడుతున్నాం, లైన్లో ఉండండి' అని మావాళ్లు అనగానే పెట్టేశాడు."

"కోపమేమో సార్."

"అదే తేల్చుకోవాలి. కోపమైతే కాళ్లు పట్టుకుంటాను. వాడు పక్కన కూర్చోకుండా ఆ సన్మానం నాకొద్దు."

"కాళ్లు పట్టుకోవడానికి ప్రోటోకాల్ ఒప్పుకోదు సార్."

"అందుకే మిమ్మల్ని కారులోనే ఉండమనేది."

కానీ డీఎస్పీ దిగాడు. ధర్మవరంలో ఆ సందు నిండా మగ్గాల చప్పుడు. చివర రేకుల ఇల్లు, గోడకు ఆనించిన పాత గొట్టం మైకులు. గడప మీద కాలేసాబ్ భార్య హుస్సేన్‌బీ చేటలో బియ్యం ఏరుతోంది. వదినా అని పిలవబోయి అశ్వర్థప్ప ఆగిపోయాడు. తనెవరో తెలిస్తే నిజం చెప్పదు. కంటి అద్దాల వెనక నుంచి ఆమె చూసిన చూపులో గుర్తు పట్టిన జాడ లేదు.

"ఎవురప్పా? మైకు కావల్లంటే మా ఆయప్ప లేడు. సాయంత్రం రాండి."

"మైకు కాదమ్మా. పాత స్నేహితుణ్ణి."

"ఆయప్పకు ఊరంతా స్నేహితులే. బియ్యం మూట మోసుకొచ్చేటప్పుడు మటుకు ఒక్కడూ కనపడడు. కూసో."

కుర్చీ వేసింది. ఎర్రకారం, ఉల్లిగడ్డ కలిపిన బొరుగులు తెచ్చిపెట్టింది. బయటి తిండి తినకూడదని డీఎస్పీ కళ్లతోనే చెప్పాడు. అశ్వర్థప్ప పిడికెడు నోట్లో వేసుకున్నాడు. కారం నసాళానికంటి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికేనని తుడుచుకున్నాడు.

"యాడికి పోయినాడు?" అన్నాడు. ఆ 'యాడికి' తన నోట విని ఎన్నేళ్లయిందో.

"పెనుకొండకు. ఈ పొద్దు ఆడికి గవర్నర్ వస్తాండాడంట గదా. మొదటి బస్సుకే పోయినాడు."

అశ్వర్థప్ప ముఖం వెలిగిపోయింది. గెలిచాం అన్నట్టు డీఎస్పీ వైపు చూశాడు. "సన్మానం చూడ్డానికా?"

"సన్మానమా?" ఆమె సందులోకి ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించింది. "ఎవురితోనూ అనొద్దప్పా. నా పాత బురఖా కత్తిరించి, కట్టెకు కట్టుకొని పోయినాడు. గవర్నర్ కారుకు ఎదురుపడి నల్లజెండా చూపిస్తాడంట."

డీఎస్పీ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. గవర్నర్ వద్దని సైగ చేశాడు. రెండో చేతిలో బొరుగులు అలాగే ఉండిపోయాయి. సందులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"అంత కోపమా అమ్మా, ఆ గవర్నర్ మీద?" అన్నాడు అశ్వర్థప్ప.

హుస్సేన్‌బీ చేట పక్కన పెట్టి, ఏమీ తెలియని వాడికి చెప్పినట్టు చెప్పింది:

"కోపం యాడిదప్పా, పోయిన తూరి పుట్టపర్తికి వచ్చినప్పుడు పూలదండ తీసుకొని పోతే అంత దూరంలోనే తోసేసినారంట, నల్లజెండా పట్టుకుంటే మటుకు మా అశ్వర్థుడు అద్దం దించి ఒక్కసారన్నా నా మొగం సూస్తాడు అన్నాడు."