బకెట్టెడు ఇత్తడి

"రెండు వేలున్నాయి" అన్నాడు ఆరిన్, బకెట్టును చేతికర్రతో తట్టి. "సాయంత్రంలోగా ఏరెయ్ అబ్బాయ్. పెద్దవి ఈ డబ్బాలో, చిన్నవి ఆ డబ్బాలో. పెద్దవాటిలో ఒక్క చిన్నది కనపడినా మా అమ్మాయి సంగతి మర్చిపో."

క్లైడ్ ఆయన కూతురు లవోన్‌ను పెళ్ళి చేసుకుంటానని అడగడానికి టై కట్టుకుని మరీ వచ్చాడు. నాన్న సరేనంటేనే పెళ్ళి అని ఆమె ముందే తేల్చి చెప్పింది. తీరా వస్తే, పెద్దాయన కాఫీ అయినా ఇవ్వకుండా నేరుగా గ్యారేజీలోకి తీసుకొచ్చాడు. అమెరికాలోని ఐడాహోలో మార్చి నెల. బయట మోకాలి లోతు మంచు, లోపల హీటరు లేదు.

బకెట్టు నిండా ఫార్టీఫైవ్ పిస్తోలు తూటాల ఇత్తడి తొడుగులు. పేల్చాక ఏరుకొచ్చి, మళ్ళీ మందు కూరి వాడుకునేవి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. అడుగున ప్రైమర్, అంటే మందుకు నిప్పంటించే చిన్న బిళ్ళ, కూర్చునే గుంట మాత్రం కొన్నింటికి పెద్దది, కొన్నింటికి చిన్నది. చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్ నొక్కితే, అదృష్టం బాగుంటే మందు కూరే మిషను బిగుసుకుంటుంది. బాగోకపోతే మొహం మీద పేలుతుంది. ఆరిన్‌కు ఒకసారి అదృష్టం బాగోలేదు. అప్పటినుంచి ఆయనకు ఎడమ కనుబొమ్మ సగమే ఉంది.

క్లైడ్ కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు. ఆరిన్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

"మొన్న శనివారం మా పిల్లని ఇంటికి చేర్చేసరికి తొమ్మిదిన్నర."

"టైరు పంక్చరయింది సార్."

"మా రోజుల్లోనూ టైర్లు సరిగ్గా అప్పుడే పంక్చరయ్యేవి."

మధ్యాహ్నం లవోన్ కాఫీ పట్టుకొచ్చింది. "ఇక చాల్లే నాన్నా. చేతులు కొంకర్లు పోతున్నాయి పాపం."

"నువ్వు లోపలికెళ్ళు. చిన్నపిల్లవి, నీకు మనుషుల సంగతి తెలీదు."

నాలుగింటికి బకెట్టు ఖాళీ అయింది. పెద్దవాటిని క్లైడ్ మరోసారి మొత్తం చూసుకున్నాడు. ఒక్కటీ తప్పు లేదు. హమ్మయ్య అనుకుని అటు తిరిగి నడుం విరుచుకున్నాడు.

"మరి ఇదేంటి?"

ఆరిన్ పెద్దవాటి డబ్బాలోంచి ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టాడు. చిన్న గుంట.

"తలుపు అటుంది" అన్నాడు ఆరిన్.

క్లైడ్ కదల్లేదు. పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

"సార్, ఇది ఈ డబ్బాలోది కాదు. మీ జేబులోది."

"నన్నే దొంగంటావా?"

"దొంగని అనలేదు సార్. పొద్దుట్నుంచి పట్టుకున్నవన్నీ ఐసుముక్కల్లా ఉన్నాయి. ఇదొక్కటే వెచ్చగా ఉంది."

అనేశాక భయమేసింది. పెళ్ళి అటకెక్కినట్టే అనుకున్నాడు.

ఆరిన్ సగం కనుబొమ్మ పైకి లేచింది. తర్వాత భుజాలు కదిలాయి. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"సరే, చేసుకో. కానీ పెళ్ళయ్యేదాకా మా పిల్ల తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి."

తలుపు చాటున వింటున్న లవోన్ వచ్చి నాన్న బుగ్గ మీద ముద్దు పెట్టింది. అదే ఊపులో లోపలికి వెళ్ళి ఫోన్ అందుకుంది.

"ఏరా పెద్ద మనవడా, తమ్ముళ్ళకి కూడా చెప్పు, ఈ అమ్మమ్మకి పెళ్ళి కుదిరింది."