ప్రెసిడెంటు కుర్చీ

ఆ రోజుల్లో కుర్చీలకూ బల్లలకూ వైద్యం వచ్చు. కూర్చున్నవాళ్ళ చెమట రుచి చూసి, హెచ్‌ఐవీ ఉందో లేదో వాళ్ళ చెవిలో మాత్రమే చెప్పేవి. అలాంటి కుర్చీ ఒకటీ, బల్ల ఒకటీ ఒక ఊరి పంచాయతీకీ వచ్చాయి.

ఓట్లతో గెలిచిన ప్రెసిడెంటు పైడితల్లే. దండలూ కుర్చీ మాత్రం మొగుడు రామునాయుడివి. ఆమె వంతు టీలు అందించడం.

పరీక్షలు మొదలుపెట్టే సభలో, ఆడామగా సమానమని రామునాయుడు గంటసేపు మైకు నమిలాక, పరీక్షలకొచ్చిన నర్సమ్మ అంది: "ముందు ప్రెసిడెంటు కూర్చుని పరీక్ష చేయించుకోవాలి."

నాయుడు చిరుతను చూసిన మేకలా వెనక్కి జరిగాడు. "పెసిరెంటు నానేటి? మా ఆడది కదా! ఒలే పైడీ, రా, కూకో!"

పైడితల్లి టీ పళ్ళెం అతని చేతిలో పెట్టి కూర్చుంది. కుర్చీ చెవిలో చెప్పింది విని తలూపింది. "కాన్పు కాన్పుకీ సేయించుకున్నదాన్ని, నాకు బెదురేటి?"

"అయిపోనాది కదా, లెగు," అన్నాడు నాయుడు.

"పెసిరెంటుని, ఎందుకు లెగుస్తాను మావా? నువ్వా బల్లమీద కూకో. మిగతా మొగోళ్ళు నీ ఎనకాల వరస కట్టండి."

అంతే! మీసాలు మెలేసే మగధీరులందరికీ ఒక్కసారిగా ఇంటిపని మీద ప్రేమ పొంగుకొచ్చింది. టీలు నేనందిస్తానంటే నేనందిస్తానని, నాయుడి చేతిలో పళ్ళెం కోసం చొక్కాలు చించుకున్నారు.