ఇద్దరు ఎల్జియార్లు

ఓవీలా సాన్‌రెగ్రే తన నోటికాడి కూడు లాగేసుకుంటున్నాడని ఎల్జియార్‌కి ఆర్నెల్లుగా నిద్ర లేదు.

మేనత్త డెలీమా పెళ్ళీ పిల్లలూ లేకుండానే పోయింది. నది ఒడ్డున ఆవిడ నేలకి మిగిలిన వారసులు అన్నల కొడుకులు ఇద్దరే: ఓవీలా, ఎల్జియార్. ముసలావిడ పోతూ పోతూ ఒక మెలిక పెట్టింది. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఓడ దిగిన తమ వంశపు మొదటి సిపాయి దగ్గర్నుంచి తమ దాకా వంశక్రమం, బాప్తిస్మం కాగితాలతో సహా నోటరీ ముందు పెట్టాలి. అప్పుడే విల్లు తెరుస్తారు.

"నేల పెద్దోడికే," అన్నాడు ఓవీలా మంగలి షాపులో, అందరూ వినేలా. "అత్తని నోటరీ దగ్గరికి బండిలో తీసుకెళ్ళింది నేనేగా! నువ్వేమో నాకంటే రెండేళ్ళు చిన్నోడివి. ఏం చేస్తాం తమ్ముడూ? వచ్చి నా ఆవుల పాలు పితుకుదువుగానిలే."

షాపంతా నవ్వింది. ఇరవై ఏళ్ళుగా కౌలు నేలలో రాళ్ళు ఏరుతున్న ఎల్జియార్ మాత్రం నవ్వలేదు.

నాలుగో తరగతిలో బడి మానేసినవాడు, చర్చి బాప్తిస్మం పుస్తకాల మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. మగపిల్లలంతా జోసెఫ్‌లే, ఆడపిల్లలంతా మారీలే. వెనకొచ్చే పేరుని బట్టి మనిషిని పట్టుకోవాలి. ఇంటికి పన్నెండుమంది, పద్నాలుగుమంది పిల్లలు. ఆ వరుసల అట్టడుగున తన తాతముత్తాతలు ఒక్కొక్కరే దొరికారు.

ఆఖరికి తన పేరే రెండుసార్లు కనిపించింది. ఒకటి 1899లో, ఇంకొకటి 1902లో. మొదటి ఎల్జియార్ నెల తిరక్కుండానే పోయాడు. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టుకోవడం ఆ ఊళ్ళో ఇంటింటా ఉన్నదే.

ఓవీలా పుట్టింది 1900లో.

యాభై దాటినవాడి ముఖం చూసి మూడేళ్ళ తేడా ఎవడు కనిపెడతాడు? ఎల్జియార్ పాదిరి దగ్గర మొదటివాడి కాగితమే రాయించుకున్నాడు.

పుస్తకాలు తిరగేసే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు. అడ్డమల్లా సమాధుల దొడ్లో గొర్రెపిల్ల బొమ్మ చెక్కిన చిన్న రాయి. దాని మీద ఆ పసివాడి పేరుంది. మేపుల్ చెట్ల రసం పాకం కాచే ఆదివారం, ఊరంతా తోపుల్లో కూర్చుని గుడ్లూ పందిమాంసమూ పాకంలో ముంచుకు తింటుంటే, ఎల్జియార్ గడ్డపారతో ఆ రాయి పెకిలించి తెచ్చాడు. పేరు కిందికి తిప్పి, పశువుల కొట్టానికి మెట్టు వేసుకున్నాడు.

వారానికి ఓవీలా వచ్చాడు. మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు.

"కొత్తదా తమ్ముడూ?"

"నదిలో దొరికింది."

"ఆహా. గట్టి రాయే."

నోటరీ గదిలో ఎల్జియార్ బైబిల్ మీద చెయ్యి వేసి, 1899లో పుట్టింది తనేనని ప్రమాణం చేశాడు. సంతకం కూడా పెట్టాడు.

ఓవీలా గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో, ఇన్నాళ్ళూ తమ్ముడని పిలిచానే! మన్నించు అన్నయ్యా!"

ఎల్జియార్ జన్మలో అంత తియ్యటి మాట వినలేదు.

నోటరీ కళ్ళజోడు సర్దుకుని విల్లు చదివాడు. "మా వంశం తిరగేసి చూడండి. ఏ తరంలోనైనా పెద్దవాళ్ళు వేరే నేలలు వెతుక్కుంటూ పోయారు. ఇంట్లో ఉండి ముసలివాళ్ళకి బఠాణీ సూపు కాచి పోసింది ఆఖరివాడే, నేల తీసుకున్నదీ ఆఖరివాడే. పాత పద్ధతి నేనెందుకు చెడగొట్టాలి? నా నేల ఇద్దరిలో చిన్నవాడికి."

ఎల్జియార్ నోరు తెరిచాడు. ఓవీలా అతని చెవి దగ్గరికి వంగాడు.

"చెప్పు అన్నయ్యా, అసలు చిన్నోడివి నువ్వేనని చెప్పు. రుజువు ఎక్కడికీ పోలేదు, నీ కొట్టం మెట్టు తిరగేస్తే చాలు. కాకపోతే దొంగ ప్రమాణానికీ, సమాధి రాయికీ కలిపి ఎన్నేళ్ళు వేస్తారో నోటరీగారినే అడుగుదామా?"

ఎల్జియార్ నోరు మూసుకున్నాడు. నదిని తాకుతూ మూడు ఆర్పాన్ల వెడల్పు, వెనక్కి ముప్పై ఆర్పాన్ల పొడవు ఉన్న నేలంతా తమ్ముడికి వెళ్ళిపోయింది.