వెనక్కి పంపమన్న ప్యాకెట్లు

దుకాణం షట్టర్ దించాక కంపెనీ నుంచి కబురొచ్చింది. ఫ్రీజర్‌లో ఉన్న కోడికూర ప్యాకెట్లన్నీ వెంటనే తీసేయాలట. వాటిలో ప్రాణాలు తీసే బ్యాక్టీరియా బయటపడిందట.

కౌంటర్‌లో పనిచేసే ఆవిడ చేతిలో తాళాలు అక్కడే పడేసింది. నిన్న అలాంటి ప్యాకెట్ ఒకటి తనే ఇంటికి పట్టుకెళ్లింది. ఇంట్లో కూతురు ఒక్కతే ఉంది. ఆకలేస్తే పిల్ల తనే వండేసుకుంటుంది. ఆవిడ పరుగున వెళ్లి దుకాణం ఫోన్ అందుకుంది.

"చిట్టీ, ఫ్రిజ్‌లో ప్యాకెట్ ముట్టుకోకు తల్లీ!"

"ఎవరండీ మీరు?"

"అమ్మనే! అది తినకూడదు, విషం."

"మా అమ్మ ఇంట్లోనే ఉందండీ. ఇప్పుడే వండింది."

ఆవిడ రిసీవర్ చెవికి అదుముకుంది. ఖాళీ దుకాణంలో ఫ్రీజర్ల రొద తప్ప వేరే చప్పుడు లేదు. ఫోన్‌లో మాత్రం ఎవరో గిన్నెలో గరిటె తిప్పుతున్నారు, తాపీగా.

"తిన్నావా? ఒక్క ముద్దయినా నోట్లో పెట్టుకున్నావా? చెప్పవే!"

"ఇంకా లేదు. వేడిగా ఉందని అమ్మ ఊదుతోంది."

గరిటె చప్పుడు ఆగింది. అటునుంచి ఓ గొంతు బుజ్జగింపుగా పలికింది.

"ఎవరో రాంగ్ నంబర్ బంగారం, పెట్టెయ్. ఏదీ, నోరు తెరువు, ఆఁ అను."

అది అచ్చం తన గొంతే.